పెద్దమనుషుల కాగితం మీద సంతకం పెట్టేముందు

ప్రశ్న: నా వయసు 31. మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లె. పెళ్లయి ఆరేళ్లయింది. ఆయన హైదరాబాద్‌లో ప్రైవేటు కంపెనీలో పనిచేస్తారు, జీతం చేతికి 62 వేలు వస్తుంది. ఇంకో 5 లక్షలు తెమ్మని గొడవలు పెట్టి రెండుసార్లు కొట్టారు. 14 నెలలుగా నాలుగేళ్ల పాపతో పుట్టింట్లోనే ఉంటున్నాను. ఇక్కడ చిన్న స్కూల్లో 9 వేల జీతానికి చేస్తున్నాను. పెళ్లిలో నాన్న 8 లక్షల కట్నం, 25 కాసుల బంగారం పెట్టారు, పసుపుకుంకుమ కింద 60 సెంట్ల పొలం ఇస్తానన్నారు. బంగారం అత్తగారి దగ్గరే ఉండిపోయింది. పోయిన వారం హైదరాబాద్ ఫ్యామిలీ కోర్టు నుంచి నన్ను కాపురానికి రమ్మంటూ నోటీసు వచ్చింది, వాయిదాకు ఇంకా మూడు వారాలుంది. మరోపక్క వచ్చే ఆదివారం పెద్దమనుషులు కూర్చుంటున్నారు. 6 లక్షలు ఇస్తారట. 100 రూపాయల స్టాంపు కాగితం మీద ‘ఇద్దరం ఇష్టపూర్వకంగా విడిగా ఉంటున్నాం, ఇకమీదట ఒకరితో ఒకరికి సంబంధం లేదు, నాకు గానీ పాపకు గానీ మనోవర్తి అడగను’ అని రాసి సంతకం పెట్టాలట. దాంతో విడాకులు అయిపోయినట్టేనా? కోర్టుకు వెళ్లకపోతే ఏమవుతుంది? విడాకులు తీసుకోకుండా మనోవర్తి అడగొచ్చా? ఐదేళ్లు నిండగానే పాపను తీసుకుపోతామంటున్నారు, నిజమేనా? లాయరును పెట్టుకునే స్తోమత మాకు లేదు.
— పేరు రాయవద్దన్న పాఠకురాలు

సమాధానం: అమ్మా, ఆదివారం ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. మిగతా సంగతులన్నీ నిదానంగా ఆలోచించుకోవచ్చు, ఇది మాత్రం ఆగదు కాబట్టి ముందే చెబుతున్నాం.

హిందూ వివాహ చట్టం 1955 కింద జరిగిన పెళ్లి కోర్టు డిక్రీతోనే రద్దవుతుంది. స్టాంపు కాగితం 100 రూపాయలదైనా వెయ్యి రూపాయలదైనా, నోటరీ ముద్ర పడినా, ఊరి పెద్దలు పదిమంది సాక్షి సంతకాలు చేసినా అది విడాకుల పత్రం కాదు. ఒక్క మినహాయింపు ఉంది. కొన్ని కులాల్లో తరతరాలుగా వస్తున్న విడాకుల ఆచారాన్ని ఆ చట్టంలోని 29వ సెక్షన్ గుర్తిస్తుంది. అయితే ఫలానా ఆచారం మా కులంలో ఉందని, అది ఇప్పటికీ నడుస్తోందని కోర్టులో సాక్ష్యంతో రుజువు చేయాలి. ‘మా ఊళ్లో అందరూ ఇలాగే చేస్తారు’ అంటే సరిపోదు. ఆ కాగితాన్ని నమ్మి మీలో ఎవరు మళ్లీ పెళ్లి చేసుకున్నా ఆ రెండో పెళ్లి చెల్లదు. భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ ప్రకారం 7 ఏళ్ల వరకు జైలు పడే నేరం కూడా. తర్వాతెప్పుడో ఫ్యామిలీ పెన్షన్ దగ్గరో, బీమా డబ్బు దగ్గరో ఈ చిక్కు బయటపడి రెండో భార్యా ఆమె పిల్లలూ కోర్టుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

మీరు పంపిన మూడు వాక్యాల్లో మాకు ఎక్కువ భయం వేసింది ‘ఇష్టపూర్వకంగా విడిగా ఉంటున్నాం’ అన్నదాన్ని చూసి. చదవడానికి మర్యాదగా ఉంటుంది. కానీ భార్యకు మనోవర్తి ఎప్పుడు రాదో చెప్పే నిబంధనలో మూడు కారణాలున్నాయి: వేరొకరితో అక్రమ సంబంధం, సరైన కారణం లేకుండా కాపురానికి వెళ్లకపోవడం, ఇద్దరూ పరస్పర అంగీకారంతో విడిగా ఉండటం. మూడో కారణాన్ని మీ చేత్తోనే రాయించుకుంటున్నారన్నమాట. కొట్టినందుకు, డబ్బు తెమ్మన్నందుకు మీరు వచ్చేశారన్న అసలు నిజం ఆ కాగితంలో ఎక్కడా కనిపించదు. రేపు మీరు మనోవర్తి కేసు వేస్తే ఆ కాగితమే మొదటి అడ్డంకిగా ముందుకొస్తుంది.

‘పాపకు మనోవర్తి అడగను’ అన్న మాటకైతే విలువ లేదు. పాప హక్కును వదులుకునే అధికారం తల్లికి లేదు. మీ హక్కును వదులుకున్నట్టు రాసిన షరతులను కూడా కోర్టులు చాలాసార్లు పక్కన పెట్టాయి. ఒకసారి రాజీపడి ఏకమొత్తం తీసుకున్న భార్య తర్వాత హిందూ దత్తత, మనోవర్తి చట్టం 18వ సెక్షన్ కింద మళ్లీ అడగడానికి ఆ రాజీ అడ్డు కాదని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. అలాగని సంతకం పెట్టేసి, తర్వాత చెల్లదని వాదించుకోవచ్చులే అనుకోకండి. ఆ వాదన తేలడానికే ఏళ్లు పడుతుంది.

6 లక్షలు ఎంతో ఒకసారి లెక్క వేయండి. పాప ఒక్కదానికే నెలకు 6 వేలు అనుకున్నా ఏడాదికి 72 వేలు, 18 ఏళ్లు నిండేదాకా 14 ఏళ్లకు 10 లక్షల 8 వేలు. ఇందులో మీ మనోవర్తి లేదు, బంగారం లేదు, కట్నం లేదు, పైగా ఫీజులు ఏటా పెరుగుతాయి. బేరం ఆడమని చెప్పడం లేదు, ఎంత వదులుకుంటున్నారో తెలియాలని చెబుతున్నాం.

ఇక కోర్టు నోటీసు. అది హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ కింద వేసిన పిటిషన్. భార్య గానీ భర్త గానీ సహేతుక కారణం లేకుండా దూరంగా ఉంటే కాపురానికి రావాలని కోర్టును అడిగే సెక్షన్ ఇది. దీన్ని 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది, మరుసటి ఏడాదే ఇంకో కేసులో సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చి సెక్షన్‌ను నిలబెట్టింది. అందుకే ఇప్పటికీ అమల్లో ఉంది. డిక్రీ వచ్చినా మిమ్మల్ని పోలీసులు పట్టుకెళ్లి ఆ ఇంట్లో దింపరు, జైల్లోనూ పెట్టరు.

మరి ఒకపక్క సంబంధం లేదని కాగితం రాయించుకుంటూ ఇంకోపక్క కాపురానికి రమ్మని కేసు ఎందుకు వేస్తారు? ఈ డిక్రీ వచ్చాక ఏడాదిపాటు కాపురం కలవకపోతే, ఆ ఒక్క కారణం చూపి విడాకులు అడగవచ్చని 13వ సెక్షన్‌లోని 1ఎ భాగం చెబుతుంది. మీరు హాజరు కాకపోతే కోర్టు మిమ్మల్ని ఎక్స్‌పార్టీ చేస్తుంది, అంటే మీ మాట వినకుండానే తీర్పు. పైగా భార్య కారణం లేకుండా రానంటోందని మీ మనోవర్తి కేసులో వాదించడానికి ఆ తీర్పు పనికొస్తుంది. ఆ డిక్రీ ఉన్నంత మాత్రాన మనోవర్తి ఆగిపోదని, భార్య వెళ్లకపోవడానికి కారణమేమిటో విడిగా చూడాలని 2025 జనవరి 10న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అది మీకు అండ. అయినా ఎక్స్‌పార్టీ దాకా రానివ్వకండి. పొరపాటున అయిపోతే డిక్రీ వచ్చిన 30 రోజుల్లో దాన్ని రద్దు చేయమని అర్జీ పెట్టాలి. నోటీసు సరిగా అందకపోయి ఉంటే తెలిసిన రోజు నుంచి 30 రోజులు. నోటీసు తీసుకోకుండా తిప్పి పంపితే కేసు ఆగుతుందని చాలామంది అనుకుంటారు. వద్దని తిప్పి పంపితే అందినట్టే లెక్క.

మొదటి వాయిదాకు హాజరై, పిటిషన్ నకలు తీసుకుని, కౌంటర్ (అంటే మీ రాతపూర్వక జవాబు) వేయడానికి గడువు అడగండి. కౌంటర్‌లో కోపం కాదు, తేదీలు కావాలి. మొదటిసారి ఎప్పుడు కొట్టారు, ఏ ఆసుపత్రిలో చూపించుకున్నారు, 5 లక్షల మాట ఎవరి ముందు, ఏ నెలలో వచ్చింది, ఎప్పుడు ఇల్లు వదిలారు, ఆ తర్వాత ఆయన పాప ఖర్చులకు ఎంత పంపారు. ఫలానా షరతులుంటే వెళ్లడానికి మీకు నిజంగా ఇష్టమే అయితే అదీ రాయండి. ఇష్టం లేకపోతే లేనిపోని సుముఖత నటించకండి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదట దొరికిపోయేది అదే.

ప్రతి వాయిదాకు పల్నాడు నుంచి హైదరాబాద్ వెళ్లడం కష్టమే. ఒకే రాష్ట్రంలో అయితే కేసును మీ దగ్గరి కోర్టుకు మార్చమని హైకోర్టును అడిగేవాళ్లం. ఆయన తెలంగాణలో, మీరు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నారు. రెండు రాష్ట్రాల మధ్య కేసు మార్చాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 25వ సెక్షన్ కింద సుప్రీంకోర్టులోనే ట్రాన్స్‌ఫర్ పిటిషన్ వేయాలి. రాష్ట్ర విభజన తర్వాత మన ఆడపిల్లలు ఎందరికో ఎదురైన చిక్కు ఇది. చంటిపాప, చాలీచాలని జీతం, తోడు వచ్చేవాళ్లు లేకపోవడం లాంటి కారణాలను అక్కడ సానుభూతితో చూస్తారు. ఢిల్లీలో కూడా ఉచితంగా న్యాయవాదిని ఇవ్వడానికి సుప్రీంకోర్టు న్యాయసేవల కమిటీ ఉంది. ఆ పిటిషన్ మీద స్టే వచ్చేదాకా హైదరాబాద్ వాయిదాలు మాత్రం తప్పకూడదు. రానూపోనూ ఖర్చులు, లాయరు ఖర్చు, మధ్యంతర మనోవర్తి ఇప్పించమని ఆ కోర్టులోనే హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ కింద అర్జీ వేయవచ్చు. కొన్ని వాయిదాలకు వీడియోలో హాజరవుతానని కూడా అడగవచ్చు.

విడాకులు తీసుకోకుండా మనోవర్తి వస్తుందా అని అడిగారు. తప్పకుండా వస్తుంది. విడాకులు వేరు, మనోవర్తి వేరు, ఇంట్లో ఉండే హక్కు వేరు, బంగారం వేరు. ఒకటి కావాలంటే ఇంకొకటి వదులుకోవాలన్న నియమం ఎక్కడా లేదు. పంచాయితీల్లో అన్నీ ఒకే మూటలో కట్టేస్తారు, అక్కడే ఆడపిల్ల నష్టపోతుంది.

మనోవర్తికి మీ ముందు రెండు దారులున్నాయి. మొదటిది భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్. 2024 జూలై 1 దాకా దీన్నే సీఆర్‌పీసీ 125 అనేవాళ్లు, ఇప్పటికీ కోర్టు ఆవరణలో అందరి నోటా 125 అనే వినిపిస్తుంది. మీరు ఉంటున్న చోటే వేయవచ్చు, హైదరాబాద్ పోనక్కర్లేదు. మీ ఊరు ఫ్యామిలీ కోర్టు పరిధిలో ఉంటే అక్కడ, లేకపోతే ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ కోర్టులో. మీకూ పాపకూ వేర్వేరుగా మొత్తం అడగండి, కలిపి ఒకే అంకె రాయకండి. మీ మొత్తం మీద ఎప్పుడైనా వివాదం వచ్చినా పాపది నిలబడుతుంది. అసలు కేసుతోపాటే మధ్యంతర మనోవర్తి అర్జీ కూడా వేయాలి. నోటీసు అందిన 60 రోజుల్లో దాన్ని తేల్చాలని చట్టం చెబుతోంది. ఆచరణలో ఆలస్యమవుతుంది, అందుకే ఎంత త్వరగా వేస్తే అంత మేలు. 2020 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన రజనీష్–నేహా తీర్పు ప్రకారం అర్జీ వేసిన తేదీ నుంచే లెక్క కడతారు. మీరు 14 నెలలు ఊరుకున్నారు, ఆ 14 నెలలూ ఇందులోకి రావు. మనోవర్తి సంగతిలో ఓర్పుకు విలువ లేదు.

ఈ సెక్షన్‌కు మతంతో పనిలేదు. తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులోనే, విడాకులు పొందిన ముస్లిం మహిళ కూడా దీనికింద మనోవర్తి అడగవచ్చని 2024 జూలైలో సుప్రీంకోర్టు తేల్చింది.

అదే 2020 తీర్పు ప్రకారం ఇద్దరూ ఆస్తులు, ఆదాయం, అప్పులు, ఖర్చులు అఫిడవిట్‌గా దాఖలు చేయాలి. మీ 9 వేల జీతం దాచొద్దు. సంపాదన ఉంటే మనోవర్తి రాదని ఎవరో భయపెట్టి ఉంటారు. ఎంతో కొంత సంపాదిస్తున్నంత మాత్రాన కాదనకూడదని, అది బతకడానికి చాలుతుందా అని చూడాలని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. దాచితే మాత్రం, ఆయన తరఫువాళ్లు స్కూలు రిజిస్టరు తెప్పించిన రోజున మీరు చెప్పిన నిజాలు కూడా అబద్ధాల్లా కనిపిస్తాయి. కేసు కోసం ఉద్యోగం మానేయడమూ తప్పే. ఎంత రావచ్చు? కట్టుదిట్టమైన సూత్రం లేదు. నికర జీతంలో 25 శాతం భార్యకు న్యాయమేనని 2017లో ఒక కేసులో సుప్రీంకోర్టు అంది కాబట్టి లాయర్లు ఆ అంకెను ఎక్కువగా వాడతారు. 62 వేల మీద అది 15,500. మీ జీతం, ఆయన తల్లిదండ్రుల బాధ్యత, అప్పుల వాయిదాలు చూసి అటూఇటూ అవుతుంది. పాప స్కూలు ఫీజు రసీదులు, మందుల బిల్లులు, పాలు, ఆటో ఖర్చు దాకా ఒక నెల చిట్టా రాసి పెట్టుకోండి. చిట్టా లేకుండా అడిగిన అంకెలను సగానికి కోసేస్తారు.

ఉత్తర్వు వచ్చాక డబ్బు రాకపోతే వసూలు అర్జీ వేయాలి. బాకీ పడిన తేదీ నుంచి ఏడాదిలోగా వేయకపోతే ఆ నెలల మీద వారెంటు ఇవ్వరు. చాలామంది మూడేళ్ల బాకీ కూడబెట్టుకుని ఒకేసారి వస్తారు, అప్పటికి రెండేళ్లది చేజారిపోయి ఉంటుంది. ఆరు నెలలకోసారి అర్జీ వేసే అలవాటు పెట్టుకోండి. జీతం జప్తు చేయించమని కూడా అడగవచ్చు.

రెండో దారి గృహహింస చట్టం, 2005 నాటిది. దీన్ని పోలీసు కేసు అనుకుని భయపడి వదిలేస్తారు. ఇది మేజిస్ట్రేట్ దగ్గర వేసేదే అయినా అరెస్టులతో మొదలయ్యేది కాదు. రక్షణ ఉత్తర్వు, మనోవర్తి, ఉండటానికి ఇల్లు లేదా అద్దె, బంగారం వాపసు, పాప తాత్కాలిక సంరక్షణ, జరిగిన బాధకు పరిహారం, అన్నీ ఒకే అర్జీలో అడగవచ్చు. ఇల్లు అత్తమామల పేర ఉన్నా మీరు కాపురం చేసిన ఇల్లయితే ఉండే హక్కు అడగవచ్చని 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. లాయరు లేకుండానే జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖలోని రక్షణాధికారి దగ్గరికి వెళ్లి చెబితే, ఆ అధికారి గృహహింస నివేదిక తయారుచేసి కోర్టుకు పంపాలి. డబ్బు కట్టేదేమీ లేదు. మేజిస్ట్రేటు ఇచ్చిన రక్షణ ఉత్తర్వును ఉల్లంఘిస్తే అప్పుడు నేరం, ఏడాది వరకు జైలు లేదా 20 వేల వరకు జరిమానా లేదా రెండూ. 144 కింద, దీనికింద రెండూ వేస్తే ఒకదాని సంగతి ఇంకోదానిలో తప్పక చెప్పాలి. ఒకచోట ఇచ్చింది ఇంకోచోట సర్దుతారు.

బంగారం మీ స్త్రీధనం. అత్తగారు బీరువాలో పెట్టుకున్నా, లాకర్ ఆయన పేర ఉన్నా మీదే. ముందు జాబితా రాయండి. వస్తువు పేరు, బరువు, ఎవరు పెట్టారు, ఏ కొట్లో కొన్నారు, ఏ ఫొటోలో కనిపిస్తుంది. బరువు గ్రాముల్లోనే రాయండి. మన వైపు కాసు అంటే 8 గ్రాములు, హైదరాబాద్‌లో తులం అంటే 10. మీ 25 కాసులు 200 గ్రాములు, వాళ్ల వకీలు దాన్ని తులాల్లోకి మార్చి మీ మాటల్లోనే తేడా చూపించగలడు. బిల్లులు పోతే పెళ్లి ఆల్బమ్, వీడియో, బంగారం కొట్టు పాత ఖాతా, చూసినవాళ్ల సాక్ష్యం పనికొస్తాయి. అత్తింటివారు పెట్టిన మంగళసూత్రం, గొలుసు కూడా మీకే ఇచ్చారు కాబట్టి వాటినీ చేర్చండి. కట్నం డబ్బు విషయానికి వస్తే, ఎవరు పుచ్చుకున్నా మూడు నెలల్లో దాన్ని పెళ్లికూతురికి అప్పగించాలని 1961 నాటి వరకట్న నిషేధ చట్టం 6వ సెక్షన్ అంటుంది. ఇచ్చామని చెబితే నాన్న మీదే కేసు అవుతుందేమోనని జంకకండి. బాధితులు చెప్పిన మాటను ఆధారం చేసుకుని వాళ్లపై కేసు పెట్టకూడదని 7వ సెక్షన్‌లో ఉంది. పసుపుకుంకుమ పొలం మీ పేర రిజిస్టరు అయిందో లేదో ఈసీ (రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఆ పొలం లావాదేవీలు చూపే పత్రం) తీసి చూడండి. అయి ఉంటే మీ సంతకం లేకుండా ఎవరూ అమ్మలేరు. నోటిమాటగానే ఆగిపోయి ఉంటే నాన్న బతికుండగానే రిజిస్టరు చేయించుకోవడం మంచిది.

పాప సంగతి. ఐదేళ్లలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 6వ సెక్షన్ చెబుతుంది. దాన్ని తిప్పి ‘ఐదు నిండితే తండ్రిది’ అని ఊళ్లలో ప్రచారం చేస్తారు. అలా ఎక్కడా లేదు. ఐదు దాటాక కోర్టు చూసేది పాప క్షేమం ఒక్కటే: ఎవరు పెంచుతున్నారు, స్కూలు ఎలా సాగుతోంది, ఎవరికి అలవాటు పడింది. కేసు వేయాలన్నా పాప మామూలుగా నివసిస్తున్న చోటి కోర్టులోనే వేయాలి, అంటే మీ వైపే. మీ చేతిలో ఉన్న ముఖ్యమైన పని ఒకటుంది, తండ్రిని పూర్తిగా చూడనివ్వకుండా చేయకండి. ఫలానా ఆదివారం వచ్చి చూడవచ్చని మెసేజ్ పెట్టండి, రాకపోతే ఆ మెసేజే సాక్ష్యం. బిడ్డను అడ్డం పెట్టుకున్న తల్లిగా ఒకసారి కోర్టుకు కనిపిస్తే ఆ ముద్ర చెరపడం కష్టం. భయముంటే ఇంట్లో నాన్న సమక్షంలోనే చూపించండి, ఒంటరిగా బయటికి పంపవద్దు. జనన ధ్రువపత్రం, ఆధార్ మీ దగ్గరే ఉంచుకోండి.

పోలీసు కేసు గురించి మీరు అడగలేదు, కానీ ఆదివారం ఎవరో ఒకరు ఆ మాట ఎత్తుతారు. భార్యను భర్త, అత్తింటివారు వేధించడం మీద ఉన్న పాత ఐపీసీ 498ఎ ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్, మూడేళ్ల వరకు శిక్ష. చివరి సంఘటన జరిగిన మూడేళ్లలోపు ఫిర్యాదు చేయాలి కాబట్టి మీకు ఆలోచించుకునే వ్యవధి ఉంది. మీరు తలదాచుకున్న ఊళ్లోనే ఇవ్వవచ్చు. నిజంగా జరిగింది కాబట్టి ఇచ్చే హక్కు మీకుంది, అది డబ్బు రాబట్టే మార్గమని మాత్రం అనుకోకండి. ఏడేళ్లలోపు శిక్ష పడే కేసుల్లో వెంటనే అరెస్టు చేయరు, ముందు నోటీసు ఇస్తారు, 2014 నుంచి అదే పద్ధతి. ఆడపడుచు, ఆమె భర్త, దూరపు మరిది అంటూ ఇంటిల్లిపాదినీ చేర్చకండి. ఎవరు ఏం చేశారో చెప్పకుండా కుటుంబం మొత్తాన్ని ఇరికించడాన్ని తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోనే 2024 డిసెంబరు 10న సుప్రీంకోర్టు తప్పుపట్టి ఆ కేసు కొట్టేసింది. పది పేర్లు రాస్తే మిగిలిన తొమ్మిదింటితోపాటు అసలు నేరం కూడా పలచబడిపోతుంది. ఇంటిమీదికి వచ్చి కొడుతుంటే లేదా పాపను లాక్కెళ్తుంటే మాత్రం ఆలోచన వద్దు, 112కు ఫోన్ చేయండి. ఉండటానికి చోటు, వైద్యం కావాలంటే 181 ద్వారా సఖి కేంద్రం.

సాక్ష్యాలు ఇప్పటి నుంచే భద్రం చేయండి. వాట్సాప్ సందేశాలు స్క్రీన్‌షాట్ తీసి ఫోన్ అమ్మేయకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి, అసలు ఫోన్ ఉంటే అది తేలిక. భార్యాభర్తల మధ్య రికార్డయిన సంభాషణలను కుటుంబ కేసుల్లో సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. కొట్టినప్పుడు చూపించుకున్న ఆసుపత్రి చీటీ ఎక్కడుందో వెతకండి, ఆ ఒక్క చీటీ పదిమంది బంధువుల సాక్ష్యం కంటే బరువైనది.

లాయరు ఖర్చు గురించి. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 1987, 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలి. తెల్లకార్డు అడిగి తిప్పి పంపితే ఈ సెక్షన్ గుర్తుచేయండి. జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ, కింది కోర్టుల్లో మండల కమిటీ ఉంటాయి. ఫోన్ అయితే 15100. హైదరాబాద్ కేసుకు అక్కడి సంస్థ నుంచే న్యాయవాదిని ఇమ్మని అడగండి, ఇక్కడివారు అక్కడికి రాలేరు. ఆధార్, పెళ్లి ఫొటో, పాప జనన ధ్రువపత్రం, కోర్టు నోటీసు నకళ్లు తీసుకెళ్లండి, అసలు కాగితాలు ఎవరికీ ఇవ్వవద్దు. ఎవరు వకీలైనా వకాలత్ (కేసు నడిపే అధికారం వకీలుకిచ్చే పత్రం) మీద తప్ప ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి. ప్రతి కేసుకూ ఉండే 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు అడిగి తీసుకుంటే ఈకోర్ట్స్ యాప్‌లో వాయిదా మీరే చూసుకోవచ్చు, ఎవరినీ బతిమాలనక్కర్లేదు.

పెద్దమనుషులతో మాట్లాడటానికీ, రక్షణాధికారి దగ్గరికి వెళ్లడానికీ లాయరు అక్కర్లేదు. కోర్టు కాగితం చేతికందినా, దేనిమీదైనా సంతకం అడిగినా, బిడ్డను తీసుకుపోయినా, ఆస్తి అమ్ముతున్నారని తెలిసినా ఆ వారంలోనే లాయరు దగ్గరికి వెళ్లాలి. ఈ నాలుగింటిలో మొదటి రెండూ మీకు వచ్చేశాయి.

అమెరికాలో ఉన్న అల్లుళ్ల నుంచి అక్కడి కోర్టు విడాకుల కాగితం అందుకున్న తల్లిదండ్రులకు ఒక్క మాట. తిరుపతిలో పెళ్లి చేసుకున్న ఒక జంట కేసులో మిస్సోరీ కోర్టు ఇచ్చిన విడాకులను 1991లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. మన చట్టంలో ఉన్న కారణం మీద, భార్య స్వయంగా ఆ కోర్టు అధికారానికి ఒప్పుకుని పాల్గొన్న చోట ఇచ్చిందైతే లెక్క వేరు. కాబట్టి అక్కడి నోటీసు వచ్చినప్పుడు జవాబు ఇచ్చేముందే ఇక్కడి న్యాయవాదిని కలవాలి.

అన్నీ ఆలోచించుకున్నాక మీకు కూడా విడిపోవడమే ఇష్టమైతే దానికి సరైన దారి హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్, పరస్పర అంగీకార విడాకులు. ఏడాది విడిగా ఉంటే చాలు, మీకు 14 నెలలయింది. ఇద్దరూ కలిసి పిటిషన్ వేయాలి, ఆరు నెలలు ఆగి రెండోసారి హాజరు కావాలి. విడిగా ఉండి మొత్తం ఏడాదిన్నర దాటిన తర్వాత వేసిన కేసుల్లో, రాజీ కుదరదని తేలితే, ఆ ఆరు నెలలు తగ్గించవచ్చని 2017లో సుప్రీంకోర్టు అంది. మీకు ఇంకా నాలుగు నెలలు తక్కువ. డబ్బు చేతికి నగదుగా తీసుకోకండి. సగం మొదటి హాజరు రోజున, సగం రెండో హాజరు రోజున డీడీగా, జడ్జిగారి ముందు. పాప పేర విడిగా ఫిక్సెడ్ డిపాజిట్. బంగారం జాబితా ప్రకారం తూకం వేయించి అప్పగింత. పాపను చూసే రోజులు, హైదరాబాద్ కేసు ఉపసంహరణ, అన్నీ పిటిషన్‌లోనే రాయాలి. రెండో హాజరు దాకా ఎవరైనా మనసు మార్చుకోవచ్చు, కాబట్టి డిక్రీ సర్టిఫైడ్ నకలు చేతికి వచ్చేవరకు మరో సంబంధం మాట ఎత్తకండి.

ఆదివారం నాన్నను ఒంటరిగా పంపకండి, చదువుకున్న బంధువు ఒకరు తోడుండాలి. గొడవ పెట్టుకోనక్కర్లేదు. ‘మీరు చెప్పిన షరతులు రాసి ఇవ్వండి, న్యాయసేవాధికార సంస్థలో చూపించుకుని వచ్చే వారం జవాబు చెబుతాం, కుదిరితే అదే కోర్టులో రాజీగా నమోదు చేయించుకుందాం’ అనమనండి. నిజంగా రాజీ కోరుకునేవాళ్లకు దీనితో ఇబ్బందేమీ ఉండదు. హాజరుపట్టీ అన్న పేరుతో సంతకం అడిగినా పైన ఏం రాసి ఉందో చదవకుండా పెట్టవద్దని నాన్నకు ముందే చెప్పండి. సోమవారం పొద్దున కోర్టు నోటీసు తీసుకుని న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, మూడు వారాల్లో హైదరాబాద్‌లో లాయరు కుదిరి కాగితాలు అందాలంటే ఆ రోజే మొదలుపెట్టాలి.